72 గంటల రెడీమేడ్ ఎమర్జెన్సీ బ్యాగు: మంచంలో మనిషి ఉన్న ఇంటికి ఎంతవరకు పనికొస్తుంది?

"ఇద్దరికి, మూడు రోజులకు" అని పైన రాసి అమ్మే ఎమర్జెన్సీ బ్యాగుల్లో కంపెనీ ఏదైనా లోపలి సరుకు దాదాపు ఒకటే. నీళ్ల ప్యాకెట్లు, ఇటుక ముక్కల్లాంటి ఫుడ్ బార్లు, వెండి రంగు దుప్పట్లు, చేత్తో తిప్పే రేడియో టార్చి, చిన్న ఫస్ట్ ఎయిడ్ డబ్బా, ఈల, రెయిన్‌కోట్లు, గ్లవ్స్. నడవగలిగే, నమలగలిగే, రోజువారీ మందులేవీ లేని మనిషి కోసం కట్టిన మూట ఇది. పక్షవాతం వచ్చిన తండ్రిని, మతిమరుపు ముదిరిన అత్తగారిని, ఆక్సిజన్ మీద ఉన్న భార్యను చూసుకునే ఇంట్లో ఈ బ్యాగు ఉపయోగపడేది చూసుకునేవాళ్లకే. మంచంలో ఉన్నవాళ్లకు ఇందులో ఉన్నది చాలా తక్కువ, కొన్నయితే హాని చేసేవి కూడా. అలాగని కొనొద్దని కాదు. బ్యాగు ఇంటికి రాగానే విప్పి, కొన్ని తీసేసి, కొన్ని చేర్చి, అసలు ఖర్చు ఇంకోచోట పెట్టాలి.

ముందు నీళ్లు. ప్యాకెట్ ఒక్కోటి 125 మిల్లీలీటర్లు. బ్యాగులో 24 ఉన్నాయనుకున్నా మొత్తం 3 లీటర్లు. తాగడానికి, వంటకు, కాస్త శుభ్రతకు కలిపి మనిషికి రోజుకు 4 లీటర్లు అన్నది మామూలు లెక్క. ఇద్దరికి మూడు రోజులంటే 24 లీటర్లు. డైపర్ మార్చి ఒళ్లు తుడవాల్సిన మనిషి ఉంటే అదీ చాలదు. కాబట్టి ప్యాకెట్లను దారిలో తాగడానికి ఉంచుకుని, ఇంట్లో 10 లీటర్ల క్యాన్లు విడిగా పెట్టుకోండి. 20 లీటర్లవి వద్దు, ఒక్కరే ఎత్తి వంచాల్సి వచ్చినప్పుడు నడుం పట్టేస్తుంది. నడుం పట్టేస్తే ఆ మనిషిని పక్కకు తిప్పేదెవరు? నిల్వ నీళ్లు అయిపోతే, వాసన కలపని 6 శాతం బ్లీచ్ ద్రవం లీటరుకు 2 చుక్కలు వేసి అరగంట ఆగాలి. నీళ్లు మురికిగా ఉంటే గుడ్డతో వడకట్టి 4 చుక్కలు. ఆక్సిజన్ మెషిన్‌లో గాలికి తేమ చేర్చే హ్యూమిడిఫయర్ సీసాలో మాత్రం ఈ నీళ్లు పోయొద్దు, దానికి 2 లీటర్ల డిస్టిల్డ్ వాటర్ వేరే ఉంచాలి.

ఫుడ్ బార్ల విషయంలో ఇంకా జాగ్రత్త. పిండి, కొవ్వు, చక్కెర కలిపి నొక్కి ఆరబెట్టిన సరుకు అది. కేలరీలకు లోటు లేదు. కానీ పొడిపొడిగా రాలుతుంది, గొంతుకు అడ్డం పడుతుంది. స్ట్రోక్ తర్వాతో, పార్కిన్సన్స్ వల్లో మింగడం కష్టమైనవాళ్లకు పెడితే పొడి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. నీళ్లలో నానబెట్టి జావలా చేద్దామనుకున్నా, ముద్ద ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా ఉంటుంది. అది మరీ ప్రమాదం. మింగడం తేలికయ్యేలా నీళ్లను, జావను చిక్కబరిచే పొడి వాడే ఇంట్లో ఆ డబ్బా, కొలత చెంచాతో సహా, బ్యాగులోనే ఉండాలి. కడుపులోకి ట్యూబ్ ఉన్నవాళ్లకు కలపాల్సిన పని లేని ద్రవ ఆహారం కొనండి. 60 మిల్లీలీటర్ల ఫీడింగ్ సిరంజిలు మూడు నాలుగు పెట్టండి. ఫీడింగ్ పంపు కరెంటు లేక ఆగితే సిరంజి గొట్టంలో పోసి ఎత్తి పట్టుకుని దానంతట అదే దిగేలా ఇవ్వొచ్చా, ఎంత వేగంగా ఇవ్వాలి అన్నది నర్సు దగ్గర ముందే నేర్చుకోవాలి. తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉండాలన్నది ఎవరికైనా వర్తిస్తుంది. తెరిచిన సీసా ఫ్రిజ్ లేకుండా 4 గంటలు దాటితే పారబోయడమే, అందుకే చిన్న సీసాలు మేలు.

డయాలసిస్ చేయించుకునేవాళ్లు ఉంటే బ్యాగులోని ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు వాళ్లకు అందకుండా తీసి పక్కన పెట్టండి. లీటరు ఓఆర్‌ఎస్‌లో పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు ఉంటుంది. డయాలసిస్ తప్పిపోయిన మనిషికి అది గుండె మీదికి వస్తుంది. సెంటర్ మూతపడితే పాటించే మూడు రోజుల అత్యవసర ఆహారపు చీటీ ఒకటి ఉంటుంది, నీళ్లు మామూలు కోటాలో సగానికి తగ్గించి, ఉప్పు, పొటాషియం బాగా కట్టడి చేసేది. మీ సెంటర్‌ను అడిగి మీ మనిషికి సరిపడేలా రాయించుకుని బ్యాగులో పెట్టండి.

ఫస్ట్ ఎయిడ్ డబ్బా చూడ్డానికి వంద ముక్కలు, అందులో అరవై అంటించే బ్యాండేజీలు. పెద్దవాళ్ల పలచటి చర్మం మీద వాటిని అంటిస్తే పీకేటప్పుడు చర్మమే ఊడొస్తుంది. అవి మీ వేళ్లకు ఉంచుకుని, వాళ్ల కోసం సిలికాన్ పొర ఉన్న డ్రెస్సింగులు, చుట్టే పలచటి గాజ్ గుడ్డ పెట్టండి. నొప్పి మాత్రల పొట్లం ఉంటే పేరు చదవండి. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ అయితే రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లకు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు. హడావిడిలో ఎవరో ఇచ్చేస్తారు, అందుకే తీసేయడమే నయం.

వెండి దుప్పటి ఒంటి వేడిని బయటికి పోనివ్వదు నిజమే, చెమటనూ పోనివ్వదు. పడుకునే ఉండే మనిషి వీపు కింద అది తడి పట్టి, పుండు పడే చోటు మెత్తబడిపోతుంది. పైన కప్పొచ్చు, కింద పరచొద్దు. పైగా కదిలితే చాలు గరగర మంటుంది, మతిమరుపు ఉన్నవాళ్లు ఆ చప్పుడుకే బెదిరిపోతారు. వాళ్లకు రోజూ కప్పుకునే దుప్పటే తీసుకెళ్లాలి.

ఇన్ని అన్నాక మంచివీ చెప్పాలి. ఈల బాగుంది, గ్లవ్స్ బాగున్నాయి, బ్యాగు కుట్టు గట్టిగానే ఉంటుంది. చేత్తో తిప్పే రేడియో టార్చి వార్తలకూ, రాత్రి డైపర్ మార్చేటప్పుడు వెలుతురుకూ చాలు. దాంతో ఫోన్ ఛార్జ్ చేయొచ్చని అట్టపెట్టె మీద రాసింది మాత్రం నమ్మొద్దు, చెయ్యి పడిపోయేదాకా తిప్పినా రెండు ఫోన్ కాల్స్‌కు సరిపడా ఎక్కితే గొప్ప. తలకు కట్టుకునే లైటు ఒకటి విడిగా కొనండి. మనిషిని తిప్పడానికి రెండు చేతులూ ఖాళీగా ఉండాలి.

బార్లు, దుప్పట్లు కొంత తీసేశాక వచ్చిన ఖాళీలో మీరు నింపాల్సినవి: కనీసం 7 రోజుల మందులు, ఒరిజినల్ స్ట్రిప్పుల్లోనే. రోజుకు ఐదారు చొప్పున వారానికి 40 డైపర్లు. యూరిన్ క్యాథెటర్ (మూత్రం గొట్టం) ఉంటే అదే సైజుది ఇంకొకటి, దాన్ని లోపల నిలిపి ఉంచే బెలూన్ నుంచి నీళ్లు తీయడానికి 10 మిల్లీలీటర్ల సిరంజి, అదనపు యూరిన్ బ్యాగులు రెండు. వినికిడి మెషిన్ బ్యాటరీలు స్టిక్కర్ పీకకుండా, ఎందుకంటే స్టిక్కర్ పీకి గాలి తగిలిన క్షణం నుంచి అవి అరగడం మొదలవుతుంది. కళ్లజోడు పాతదైనా ఒకటి. కట్టుడు పళ్ల డబ్బా.

అసలు డబ్బు పెట్టాల్సింది కరెంటు మీద

2017 సెప్టెంబరులో ఇర్మా తుపాను ఫ్లోరిడాను తాకాక ఒక నర్సింగ్ హోమ్‌లో ఏసీ ఆగిపోయింది. భవనం కూలలేదు, వరద లోపలికి రాలేదు, ఆసుపత్రి కూతవేటు దూరంలో ఉంది. అయినా ఆ ఉక్కకు 12 మంది పెద్దవాళ్లు చనిపోయారు. గాలివాన గడిచిపోయాక కరెంటు లేని రోజులే మంచంలో ఉన్నవాళ్లకు గండం. రెడీమేడ్ బ్యాగులో దీనికి మందు లేదు. అందుకే బ్యాగుకు పెట్టే దానికి ఎన్నో రెట్లు పోర్టబుల్ పవర్ స్టేషన్ అనే బ్యాటరీ పెట్టె మీద పెట్టాలి.

పెట్టె మీద రెండు అంకెలుంటాయి. వాట్లు అంటే ఒకేసారి ఎంత కరెంటు ఇవ్వగలదో, వాట్ అవర్స్ అంటే మొత్తం ఎంత కరెంటు దాచుకోగలదో. అమ్మేవాళ్లు ఏది పెద్దదైతే అది పెద్ద అక్షరాల్లో వేస్తారు. 1000 వాట్ అవర్స్ పెట్టెలో, బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే లోపలి ఇన్వర్టర్ నష్టం పోను చేతికొచ్చేది సుమారు 850. గాలి నుంచి ఆక్సిజన్ తీసి నిమిషానికి ఐదు లీటర్లు ఇచ్చే కాన్సంట్రేటర్ మెషిన్ 350 వాట్ల వరకు తీసుకుంటుంది. 850ని 350తో భాగిస్తే 2 గంటల 25 నిమిషాలు. రాత్రంతా నడుస్తుందనుకుని కొన్నవాళ్లకు ఇక్కడే దిమ్మ తిరుగుతుంది. చాలా మెషిన్లలో ఫ్లో, అంటే నిమిషానికి వదిలే ఆక్సిజన్, తగ్గించినా కంప్రెసర్ తినే కరెంటు పెద్దగా తగ్గదు, కాబట్టి ఆ ఆశా వద్దు. డాక్టర్ చెప్పిన ఫ్లోను మీ అంతట మీరు తగ్గించనూ కూడదు.

స్టార్ట్ అయ్యేటప్పుడు కంప్రెసర్ మామూలు కంటే రెండు మూడు రెట్లు లాగుతుంది. 500 వాట్ల పెట్టె ఆ దెబ్బకు ఓవర్‌లోడ్ చూపించి పడిపోతుంది. కాన్సంట్రేటర్ ఉన్న ఇంటికి నిరంతరంగా 1000 వాట్లు ఇవ్వగల ఇన్వర్టర్ ఉండాలి, అదీ ప్యూర్ సైన్ వేవ్, అంటే ఇంటి కరెంటులాగే ఒడిదుడుకులు లేని కరెంటు ఇచ్చేది. మోడిఫైడ్ సైన్ వేవ్ అనే నాసి రకం మీద మోటారు గుర్రుమంటుంది, వేడెక్కుతుంది. బ్యాటరీ రకం లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే మంచిది, బరువెక్కువైనా ఎక్కువ ఏళ్లు వస్తుంది, వేడిని కాస్త తట్టుకుంటుంది.

తక్కువ కరెంటు తీసుకునే వాటితో మరో చిక్కుంది, అది ఏ బ్రోచర్‌లోనూ కనపడదు. పుండ్లు పడకుండా వాడే గాలి పరుపు పంపు 10 వాట్ల లోపే తీసుకుంటుంది. ఆ లెక్కన 85 గంటలు రావాలి. రాదు. ఇన్వర్టర్ ఆన్‌లో ఉన్నందుకే 10 నుంచి 20 వాట్లు అది తినేస్తుంది, వచ్చేది అందులో సగం కంటే తక్కువే. ఇంకా దారుణం, చాలా మోడళ్లలో ఎకో మోడ్ అని ఒకటి ఉంటుంది. లోడ్ బాగా తక్కువగా ఉంటే ఎవరూ వాడటం లేదనుకుని కాసేపటికి పెట్టె ఇచ్చే కరెంటు దానంతట అదే ఆగిపోతుంది. రాత్రి పరుపు దిగిపోయిన సంగతి తెల్లారేదాకా ఎవరికీ తెలియదు. కొన్న రోజే సెట్టింగ్స్‌లో ఎకో మోడ్ తీసేసి, పంపు ఒక్కదాన్నే తగిలించి నాలుగైదు గంటలు వదిలేసి చూడండి. ఎకో మోడ్ తీసేసే వీలు లేని మోడల్‌ను వాపసు ఇచ్చేయండి. సగం ఇళ్లలో కావాల్సింది ఈ పంపు నడవడమే.

పరుపు సంగతి వచ్చింది కాబట్టి: మంచి పరుపులకు గొట్టాల చివర ట్రాన్స్‌పోర్ట్ క్యాప్ ఉంటుంది. కరెంటు పోగానే పంపు నుంచి గొట్టాలు లాగి ఆ మూత బిగిస్తే గాలి కొన్ని గంటలు నిలుస్తుంది. గుండె ఆగినప్పుడు పరుపు గాలి వెంటనే తీయడానికి తల వైపు ఉండే సీపీఆర్ వాల్వ్ పొరపాటున లాగారా, క్షణాల్లో ఖాళీ. మూత బిగించినా పరుపులో గాలి గదులు మార్చి మార్చి నిండడం ఆగిపోతుంది కనుక రెండు గంటలకోసారి చేత్తో తిప్పడం తప్పదు.

సీప్యాప్ (నిద్రలో ఊపిరి ఆగకుండా మాస్కులోంచి గాలి నెట్టే మెషిన్) వాడేవాళ్లకు ఈ బ్యాటరీ పెట్టె బాగా గిట్టుబాటు. వేడి హ్యూమిడిఫయర్ ఆపేస్తే 30 నుంచి 60 వాట్లలో నడుస్తుంది, 1000 వాట్ అవర్స్‌కు దాదాపు రెండు రాత్రులు వస్తాయి. బ్యాటరీ కరెంటును నేరుగా తీసుకునేలా మెషిన్ కంపెనీ అమ్మే డీసీ అడాప్టర్ కొంటే ఇన్వర్టర్ పనే ఉండదు, ఇంకా ఎక్కువ వస్తుంది. నెబ్యులైజర్ 100 వాట్లు దాటినా పది నిమిషాల పనే కాబట్టి లెక్కలోకి రాదు. ఏసీ మాట మర్చిపోండి. డీసీ ఫ్యాను, తడిగుడ్డ, అంతే. ఫ్రిజ్ కూడా దీని మీద నడపక్కర్లేదు, తలుపు తెరవకపోతే 4 గంటలు చల్లగానే ఉంటుంది.

"యూపీఎస్ మోడ్" (కరెంటు పోగానే దానంతట అదే బ్యాటరీకి మారడం) అన్న మాటను చూసి పెట్టెను మెషిన్‌కు, గోడకు మధ్య పెట్టి మర్చిపోయేవాళ్లున్నారు. కరెంటు పోయినప్పుడు మారడం వరకు సరే. బ్యాటరీ పూర్తిగా అయిపోయి ఆగాక కరెంటు వచ్చినా, చాలా మోడళ్లలో ఎవరో ఒకరు బటన్ నొక్కితే గాని అవుట్‌పుట్ మళ్లీ రాదు. జనరేటర్ కొనేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. అది ఇంటికి కనీసం 6 మీటర్ల దూరంలో, కిటికీలకు ఎదురు కాకుండా ఉండాలి. వరండాలో పెట్టి తలుపు వేసుకుంటే చాలదు, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లకు పెట్టె ఒక్కదాన్నే నమ్ముకోవడం తప్పు, సిలిండర్ ఉండాల్సిందే. లెక్క తేలిక: సిలిండర్‌లో లీటర్లను నిమిషానికి ఎన్ని లీటర్లు వాడుతున్నారో దాంతో భాగించండి. 680 లీటర్ల సిలిండర్ నిమిషానికి 2 లీటర్ల మీద 340 నిమిషాలు. చివర కొంత మిగులు వదిలితే 5 గంటలనుకోండి. దెబ్బ తగిలేది లెక్కల్లో కాదు, వాల్వ్ తిప్పే కీ దొరకకపోవడంలో, రెగ్యులేటర్ వాషర్ ఎండి చిట్లి బుస్సుమని కారడంలో. కీని దారంతో సిలిండర్ మెడకు కట్టేయండి, వాషర్లు రెండు అదనంగా బ్యాగు జేబులో. బిగుసుకుందని నూనె గాని, వాసలిన్ గాని రాయొద్దు, ఆక్సిజన్ తగిలితే అంటుకుంటుంది.

ఇన్సులిన్ పౌచ్

నీళ్లలో ముంచి వాడే చల్లటి పౌచ్‌లు మంచి వస్తువే, కానీ అన్ని చోట్లా ఒకేలా పనిచేయవు. లోపలి జెల్ గింజలు నీళ్లు పీల్చుకుని, ఆ నీరు ఆవిరవుతూ చల్లదనం ఇస్తాయి. పొడి ఎండలో రెండు రోజుల దాకా నిలుస్తుంది. ముసురు పట్టి గాలంతా తేమగా ఉన్నప్పుడు ఆవిరి పోదు, చల్లదనమూ అంతంతే. దాన్ని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూసినా అదే ఫలితం. ఎక్కువసేపు నానబెడితే గింజలు ఉబ్బి ఇన్సులిన్ పెన్ను దూరనే దూరదు, ఐదు నుంచి పది నిమిషాలు చాలు. వాడుకలో ఉన్న పెన్నులు చాలావరకు 30 డిగ్రీల లోపు 28 రోజులు ఫ్రిజ్ లేకుండానే ఉంటాయి. కాబట్టి పౌచ్ అవసరం వేడి అంతకంటే పెరిగినప్పుడే. ఐస్ ప్యాక్ మీద నేరుగా పెట్టడం మాత్రం వద్దు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూపుకు బాగానే ఉన్నా పారేయాల్సిందే.

మోసుకెళ్లే షీటు

పరుపు కింద పరిచి ఉంచి, అవసరమైనప్పుడు బెల్టులు పైకి తీసి మనిషిని పరుపుతో సహా కట్టి లాక్కెళ్లే షీట్లు రెండో మంచి కొనుగోలు. ఇద్దరు చాలు, నేల మీద ఒక్కరైనా లాగొచ్చు. మెట్ల మీద కాళ్లు ముందు, తల పైన, తల దగ్గర ఉన్నవాళ్లు వెనక్కి పట్టి ఆపుతూ దించాలి. దించడానికే, ఎక్కించడానికి కాదు. బెల్టులు ఛాతీకి, నడుముకు, మోకాళ్లకు. ఛాతీ బెల్టు కింద అరచెయ్యి దూరాలి. కట్టేముందు యూరిన్ బ్యాగును మంచం కమ్మీ నుంచి తీసి కాళ్ల మధ్య పెట్టండి. ఇది మరిచి లాగితే క్యాథెటర్ బెలూన్‌తో సహా ఊడొస్తుంది, రక్తస్రావం అవుతుంది.

లోపాలు రెండు. గాలి పరుపు ఫోమ్ పరుపు మీద పరిచినదైతే లాగేటప్పుడు పైది జారుతుంది, ముందు దాని గాలి తీసేయాలి. రెండోది మెట్ల మలుపు. పరుపు వెడల్పు 90 సెంటీమీటర్లుంటే ఇరుకు మలుపులో అడ్డం పడుతుంది. కొనేముందు టేపు పెట్టి కొలవండి. మలుపు ఇరుకైతే చుట్టూ ఎనిమిది పిడులున్న మెత్తటి షీటు తీసుకోవాలి, దానికి నలుగురు కావాలి, ఆ నలుగురు ఎవరో ముందే మాట్లాడుకోవాలి. ప్రయత్నించి చూసేటప్పుడు పేషెంట్‌ను కాదు, ఇంట్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లను పడుకోబెట్టండి.

బ్యాగు ముందు జేబులో ఒక కాగితం. మందుల జెనరిక్ పేరు, మోతాదు, వేళ. అలర్జీలు. ఆక్సిజన్ ఫ్లో, సీప్యాప్ ప్రెషర్, మెషిన్ మోడల్. నడక, మింగడం, మాట ఎలా ఉన్నాయో ఒక్కో లైను. మతిమరుపు ఉంటే ఇటీవలి ఫోటో. దీన్ని లామినేట్ చేయించమని చాలామంది చెబుతారు, వద్దు. మందు మారిన ప్రతిసారీ కొత్తది చేయించాల్సి వచ్చి ఎవరూ చేయించరు, పాత మోతాదే మిగిలిపోతుంది. జిప్ కవర్లో మామూలు కాగితం, పెన్సిల్ రాత చాలు. బ్యాటరీ పెట్టెను మూడు నెలలకోసారి నింపేటప్పుడే ఈ కాగితం, మందుల తేదీలు చూసేస్తే వేరే రోజు గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

ఇక బరువు. ఇలా నింపిన బ్యాగు పది కిలోలు సులువుగా దాటుతుంది, దాన్ని వీల్‌చెయిర్ వెనక పిడులకు తగిలించాలనిపిస్తుంది. తగిలించొద్దు. మనిషి కూర్చున్నంతసేపూ నిలబడుతుంది గాని, లేపి పక్కకు కూర్చోబెట్టిన మరుక్షణం కుర్చీ వెనక్కి పల్టీ కొడుతుంది, ఏటవాలు మీదైతే మనిషితో సహా. బరువైనవి సీటు కింద కట్టండి. మందులు, కాగితం, గ్లవ్స్ ఉన్న చిన్న సంచి మీ వీపున ఉంచుకోండి.